ఆస్క్లెపియాస్ ట్యూబరోసా

ఉత్తర అమెరికా ఖండమున కెనడాలోని ఒంటారియో మొదలు దక్షిణమున ఫ్లోరిడా వఱకును, పశ్చిమమున అరిజోనా వఱకును వ్యాపించి, శుష్కములైన తృణభూములందును ఇసుకనేలలందును సహజముగా పెరుగు బహువార్షిక వన్యపుష్పమిది. జిల్లేటికి ఇది దగ్గరి బంధువు. ఈ రెంటిని పూర్వము జిల్లేటి కుటుంబమున నుంచిన వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు గన్నేరు కుటుంబమున చేర్చుచున్నారు. లినేయస్ 1753లో దీనికి శాస్త్రీయనామ మొసగెను. అమెరికనులు బటర్‌ఫ్లై వీడ్ అని వ్యవహరింతురు.

వేసవిలో ఎండిన గడ్డినడుమ నారింజవన్నె గుత్తులతో వెలుగు ఈ మొక్క దూరమునుండియే కన్నుల నాకర్షించును గాని, పూవులు పసుపుమొదలు ఎరుపువఱకు మాఱుచుండుటచే వర్ణమొక్కటియే ప్రమాణము కాజాలదు. ఆకును త్రుంచి చూడవలెను: ఈ ప్రజాతిలోని తక్కిన మొక్కలు గాయమైనచోట తెల్లనిపాలు కార్చుచుండగా, దీనియందు నీటివంటి రసమే ఊరును. నిశ్చయమునకు ఇంతకన్న సులభమైన పరీక్ష లేదు. తక్కినవానిలో ఆకులు సాధారణముగ ఎదురెదురుగా జంటలై యుండగా, దీని ఆకులు నూగుగల కాండముపై ఒకదాని తరువాత నొకటి మాఱుచోట్ల దట్టముగా పుట్టును.

పుష్పనిర్మాణము మిక్కిలి విచిత్రమైనది. ఐదు ఆకర్షకపత్రములు క్రిందికి వంగియుండగా, వానిపై ఐదు గిన్నెలు కిరీటమువలె నిలిచి, ఒక్కొక్కదానినుండి సన్నని కొమ్ము పొడచూపును. పుప్పొడి ధూళిరూపమున రాలక మైనపుముద్దలై జంటలుగా కూడియుండి, తేనెకై వచ్చిన కీటకముల కాళ్లకు చిక్కుకొని మఱియొక పూవును చేరును. పిదప నిటారుగా నిలుచు కాయలు ఏర్పడి, అవి పగిలినపుడు పట్టుకుచ్చులుగల గింజలు గాలికెగురును.

ఉష్ణమండల అమెరికానుండి వచ్చి భారతదేశపు తోటలందు నాటుకొన్న ఆస్క్లెపియాస్ కురసావికాను దీనిగా పొరపడరాదు. దానికి పాలు గలవు, ఆకులు ఎదురెదురుగా నుండును, ఎఱ్ఱని రేకులపై పసుపు కిరీటము శోభించును.

మోనార్క్ సీతాకోకచిలుక ఈ మొక్కపైనను గ్రుడ్లు పెట్టును. దాని గొంగళిపురుగులకు ఈ ప్రజాతి మొక్కల ఆకులే ఆహారము. కావున తృణభూములు సేద్యమునకు లోనగుచున్న కొలదియు ఇట్టి మొక్కల రక్షణము అత్యావశ్యకమగుచున్నది. దీని వేరు లావై లోతుగా దిగియుండుటచే పెకలించి వేఱొకచోట నాటిన మొక్క తఱచుగా చచ్చును. పెంచగోరువారు దానిని పొలమున నుండనిచ్చి, పండిన కాయలనుండి గింజలను సేకరించి, కొన్ని వారములు చల్లదనమున నుంచి విత్తవలెను.