సిటీ పోలీస్: మా గల్లీల టీం

ఫిల్మ్ నగర్ గుట్ట దిగితే షేక్‌పేట. ఇంకాస్త ముందుకు పోతే టోలీచౌకీ. అది దాటితే కుతుబ్‌షాహీల గుమ్మటాలు, గోల్కొండ. గుట్ట మీద కథలు తయారవుతాయి. గుట్ట కింద మేం బతుకుతాం. దూరం ఎక్కువేం లేదు. అయినా ఆ కథల్లోకి మేం ఎక్కినప్పుడల్లా తొడిగే వేషాలు రెండు మూడే. మెడలో తావీజు, కళ్ళకు సుర్మా, నోట్లో వచ్చీరాని తెలుగు. కాదంటే చేతిలో కత్తి. అదీ కాదంటే హీరో కోసం ప్రాణమిచ్చే దోస్తు. బతికి, గెలిచి, నవ్వుతూ ఇంటికొచ్చే సాయిబు ఎప్పుడో గాని కనబడడు.

2003లో 'ఒక్కడు' సినిమా కోసం చార్మినార్‌కు పెద్ద సెట్ వేశారు. అసలు చార్మినార్ ఇదే ఊళ్ళో ఉంది. షూటింగుకు ఇబ్బందులుంటాయి, సెట్ వేయడం తప్పు కాదు. మా అనుమానమల్లా ఒకటే. చార్మినార్ పనికొచ్చింది. దాని చుట్టూ నాలుగు వందల ఏళ్ళుగా ఉన్నవాళ్ళ కథ ఎందుకు పనికి రాలేదు?

కథలు లేకనా? ఆటగాళ్ళ కథే కావాలంటే ఒకటి చెప్తాం వినండి.

నిజాం కాలంలో హైదరాబాద్ పోలీసులకు ఒక ఫుట్‌బాల్ టీం ఉండేది. మొదట సిటీ ఆఫ్ఘన్స్ అనేవారు, తర్వాత సిటీ పోలీస్ అన్నారు. 1943లో బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో ఈ టీం ఇంగ్లీషువాళ్ళ రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించింది. ఆ జట్టులో డెనిస్ కాంప్టన్ ఉన్నాడు, అటు క్రికెట్‌లోనూ ఇటు ఫుట్‌బాల్‌లోనూ పేరు మోసినవాడు. అప్పట్లో అంతా అమెచ్యూర్ ఆట. ఆటకు జీతం లేదు. పోలీసు నౌకరీయే అన్నం పెట్టేది. గల్లీలో బాగా ఆడే పేదింటి పిల్లగాడికి బంతి ఒక నౌకరీ దారి.

ఆ ఏడాదే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివి బడిపంతులు అయ్యారు. ఆటనూ పంతులులాగే నేర్పారు. డ్రిబ్లింగ్ చేయకుండానే ఆడాలని పోటీలు పెట్టారు. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలని ఇంకో రకం పోటీలు పెట్టారు. బంతిని ఎవరూ తన దగ్గరే అట్టిపెట్టుకోవద్దు, పక్కవాడికి అందించాలి. ఇదే ఆయన పాఠం.

ఇంతలో 1948 సెప్టెంబరు వచ్చింది. పోలీస్ యాక్షన్ అన్నారు. ఆ రోజుల్లో, ఆ తర్వాత చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల మంది అని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు బీరువాలో దాచారు. నౌకరీలు పోయాయి. గడ్డం, టోపీ కనిపిస్తే చాలు రజాకారే అన్నారు. రజాకార్లు చేసిన దుర్మార్గాన్ని మేం దాచం. కాని దాని లెక్క ఊరూరా ఎవరెవరి దగ్గర వసూలు చేశారో మా ముసలివాళ్ళకు తెలుసు.

అటువంటి కాలంలో, 1950లో సిటీ పోలీస్ బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. మళ్ళీ 1951లో. 52లో. 53లో. 54లో. వరసగా అయిదు సార్లు! 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. 1954లో, 57లో మళ్ళీ తెచ్చింది. నూర్ మహ్మద్, అజీజుద్దీన్, జమాల్, మొయిన్ ఆ టీం పేర్లు. హిందువులూ క్రైస్తవులూ ఆ జట్టులో ఆడారు. 1956లోనూ 57లోనూ సంతోష్ ట్రోఫీ గెల్చిన హైదరాబాద్ రాష్ట్ర జట్టులో అమ్ముగూడ పిల్లవాడు తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. అతణ్ణి చేరదీసిందీ రహీం సాబే.

రహీం సాబ్ దేశం జట్టుకూ కోచ్ అయ్యారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తా. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళను రానివ్వలేదని మన దేశపు అధికారి ఒకాయన అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనానికి మన మీద కోపం వచ్చింది. ఫైనల్లో స్టేడియం నిండా ఎగతాళి, కేకలు. ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది ముస్లింలున్న దేశం అది. ఆ కేకల మధ్య సిటీ పోలీస్ యూసుఫ్ ఖాన్ మన జట్టుకే ఆడాడు. క్యాన్సర్‌తో దగ్గుతూ రహీం సాబ్ మన జట్టునే నడిపారు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. మరుసటేడు జూన్‌లో రహీం సాబ్ పోయారు.

ఇది చెప్పగానే కొందరు మా భుజం తడతారు. 'చూశారా, మంచి ముస్లింలు' అంటారు. ఆ తట్టడం మాకొద్దు. క్రికెట్ మ్యాచ్ రోజున 'మీరు ఎటు' అని అడిగేవాళ్ళకు పతకాలు చూపించి బయటపడాలని మేం ఈ కథ చెప్పడం లేదు. పతకం తెచ్చిన యూసుఫ్ ఖాన్‌కు ఈ నేల ఎంత సొంతమో, ఎన్నడూ బంతి తన్నని పంక్చర్ షాపు యూసుఫ్‌కూ అంతే సొంతం. మేం అడిగేది సర్టిఫికెట్ కాదు, చరిత్రలో మా పేజీ.

ఆ పేజీ ఎలా చిరిగిందో కూడా చెప్పుకోవాలి. అన్నీ ద్వేషం వల్లే అనలేం. హైదరాబాద్ సిటీ పోలీస్ ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయ్యాక కూడా 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్ గెలిచింది. కాని రహీం సాబ్ తర్వాత అట్లా నేర్పేవాళ్ళు తగ్గారు. కలకత్తా క్లబ్బులు పిలిచాయి. నయీముద్దీన్, హబీబ్, అక్బర్ అటే పోయారు. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ మన హైదరాబాదీయే. ఇక్కడ ఫుట్‌బాల్ సంఘాలు కొట్లాడుకున్నాయి. బంతితో పోలీసు నౌకరీ వచ్చే దారి సన్నబడింది. మైదానాల్లో ఇళ్ళు లేచాయి. దారి మూసుకుపోతే మొదట నష్టపోయేది వేరే దారి లేనివాడే. మా పిల్లలకు నౌకరీ పోయింది, ఆటా పోయింది.

2024 ఏప్రిల్‌లో రహీం సాబ్ కథ 'మైదాన్' పేరుతో తెర మీదికి వచ్చింది. ముంబై నుంచి, హిందీలో. సంతోషించాం. కొంచెం సిగ్గుపడ్డాం కూడా. సిగ్గు గుట్ట మీదివాళ్ళది మాత్రమే కాదు, మాదీ. మా ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలకు నూర్ మహ్మద్ పేరు తెలుసు? మేం రాసుకోకపోతే ఎవరు రాస్తారు?

అందుకే రాస్తున్నాం. ఫిల్మ్ నగర్ సోదరులారా, మళ్ళీ మా వేషం కట్టేటప్పుడు సుర్మా, కత్తి ఒకసారి పక్కన పెట్టండి. రహీం సాబ్ పాఠం గుర్తు చేసుకోండి. బంతి ఎప్పుడూ ఒకరి దగ్గరే ఉండకూడదు. చాలాకాలంగా అది మీ కాళ్ళ దగ్గరే ఉంది. ఇటు పాస్ ఇవ్వండి.