కుట్టిన కట్ట మీద పేరు

నా పుట్టిల్లు ఆళ్లగడ్డ, మెట్టినిల్లు నంద్యాల. పెళ్లయి వచ్చేటప్పుడు చీరల కింద పెట్టి ఒక కట్ట తెచ్చుకున్నాను. చందమామలో వచ్చిన 'యక్షపర్వతం' సీరియల్ పేజీలు. అమ్మ నెలనెలా దాచి, దారంతో కుట్టింది.

ఖడ్గవర్మ, జీవదత్తుడు ఇప్పటికీ నాకు ఇంటి మనుషుల్లాగే గుర్తు. రాసినవారి పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు. అడిగితే అమ్మ, "చందమామోళ్లే రాస్తారులేమ్మా" అనేది. మా ఊళ్లో శిల్పులు చెక్కే విగ్రహాల మీద కూడా వాళ్ల పేర్లు చూసిన గుర్తు లేదు. అందుకే అమ్మకది వింతనిపించలేదేమో.

రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని చాలా ఏళ్లకు తెలిసింది. ఆయన 1952లో మద్రాసులో చందమామలో చేరారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి, 'భల్లూక మాంత్రికుడు' దాకా సుమారు పాతికేళ్లలో 12 సీరియల్స్ రాశారు. చిత్రా గారు బొమ్మలేశారు. సీరియల్స్ ఆగిపోయినా 2006 దాకా ఆ పత్రికలోనే పనిచేశారు. 2010లో కన్నుమూశారు. మూడు తరాల పిల్లలు ఆయన్ను చదివారు, ఎవరిని చదువుతున్నారో తెలియకుండానే.

అప్పటికి అమ్మ కూడా లేదు. మొన్న ఆ కట్టకు కొత్త అట్ట వేసి, పైన ఆయన పేరు రాశాను. కింద, 'కుట్టింది' అని అమ్మ పేరు రాశాను.