ఉప్పల్ నేలపై భౌతికశాస్త్రము

1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు తొలుత బోధనాభాష ఉర్దూ. పిదప అది అడిక్‌మెట్ చేరి, ఉప్పల్, నాచారము గ్రామములకు చేరువయ్యెను. అయినను ఇచ్చటి తెనుగు బాలుడు భౌతికశాస్త్రమునకు ముందు పరభాష యను గడప దాటవలసివచ్చెను. 1948 తరువాత ఆంగ్లము వచ్చెను. గడప మాఱినదే గాని తొలగలేదు.

ఆ విద్య యెచ్చటికి గొనిపోవునో సూరి భగవంతము గారి జీవితమే చెప్పును. రామన్ శిష్యులైన వీరు 1952 నుండి 1957 వరకు ఉస్మానియాకు ఉపాధ్యక్షులై, పిమ్మట రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారులైరి.

1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ దారిలోనే యున్నది. భూమిలోనికి విద్యుత్తును పంపి నీటి జాడ నెఱుగుట అచ్చటి విద్యలలో నొకటి. ఎండురాయి విద్యుత్తు నడ్డగించును. నీరు నిండిన పగులు దారి యిచ్చును. వట్టిబావి త్రవ్వి అప్పులపాలైన రైతునకు దీని విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

నాచారమునకు ఆవల 1967లో ఇ.సి.ఐ.ఎల్. వెలసెను. దాని స్థాపకులు అయ్యగారి సాంబశివరావు గారు కాశీలో భౌతికశాస్త్రము చదివినవారే. అణుశక్తికి వలయు పరికరములు, గణకయంత్రములు అందు తయారయ్యెను.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యగ్రంథములను తెనుగున వెలువరించెను. ఆ గ్రంథములు పల్లె బాలుని చేతికందిననాడే గడప తొలగును. అందించు భారము గ్రంథాలయములది.