కడియం కాలువ, రంగూన్ రేవు

ఆర్థిక పరిమాణము పెరిగినకొలది రెండు దేశముల నడుమ వర్తకము పెరుగును. దూరము పెరిగినకొలది తగ్గును. 1962లో డచ్చి ఆర్థికవేత్త టింబర్జెన్ దీనిని న్యూటన్ గురుత్వ నియమపు పోలికలో సూత్రీకరించెను.

దూరమనగా మైళ్లే కాదు, రవాణా ఖర్చు కూడ. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తయినది. బండి కూలికంటె పడవ కూలి తక్కువ గదా. కాలువమీద కడియం కాకినాడ రేవునకు దగ్గరయ్యెను. అచ్చటినుండి తూర్పున, ఇంచుమించు అదే అక్షాంశమున, సుమారు 1,500 కిలోమీటర్ల ఆవల రంగూన్ కలదు.

రెండును వరి పండు డెల్టాలే! బియ్యమిచ్చి బియ్యము తెచ్చుకొనుట ఎవరికి లాభము? ఓడలలో కూలిజనము వెళ్లిరి. రంగూన్ రేవులో, మిల్లులలో మూటలు మోసిరి. బర్మావారు తెలుగువారిని కోరంగీలనుట మన కోరంగి రేవు పేరుబట్టియే.

1937లో బర్మా వేరుకాగా నడుమ సరిహద్దు ఏర్పడెను. 1942లో జపాను సేనలు రంగూన్ పట్టుకొనగా, లక్షలకొలది భారతీయులు అడవిదారుల కాలినడకన తిరిగివచ్చిరి.