నాయకుడి బుగ్గ మీద గళ్లు

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ ఉప ఎన్నిక మీద దేశమంతా కన్నేసింది. ప్రధాని పీవీ నరసింహారావు అక్కడ పోటీకి దిగారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ తరఫున ఎవరినీ నిలబెట్టలేదు. మెజారిటీ 5.80 లక్షలు దాటింది. ఈ లెక్కలు చాలామందికి గుర్తే. ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఆ ప్రచారంలో గోడలకెక్కిన పీవీ బొమ్మల్లో ఒక్కటీ జేపెగ్ ఫైలు నుంచి వచ్చి ఉండే అవకాశం దాదాపు లేదు. ఆ ప్రమాణం ఖరారైంది 1992లో.

మరి అంతకుముందు బొమ్మ ఎలా అచ్చయ్యేది? అచ్చుయంత్రానికి బూడిదరంగు తెలియదు. సిరా పడుతుంది, లేదా పడదు. అందుకని ఫొటోను సన్నటి జల్లెడలాంటి స్క్రీన్ గుండా మళ్లీ ఫొటో తీసి చుక్కలుగా విడగొట్టేవారు. నల్లటి మీసం దగ్గర పెద్ద చుక్కలు, తెల్లటి చొక్కా దగ్గర చిన్నవి. న్యూస్‌ప్రింట్ మీద అంగుళానికి వంద వరుసలు దాటితే సిరా అలుక్కుపోతుంది. నున్నటి ఆర్ట్ పేపరైతే నూటయాభై దాకా తట్టుకుంటుంది. వరుసకు రెండు చుక్కల సమాచారం ఉంటే క్షేమమని 150ని రెట్టింపు చేశారు. పెళ్లికార్డు వేయించబోతే డీటీపీ కుర్రాడు అడిగే ‘300 డీపీఐ’ (అంగుళానికి 300 చుక్కలు) పుట్టుక అది. పత్రికకు 200 చాలు. ఫోన్ తెరకు డీపీఐతో పనే లేదు, పిక్సెళ్లు ఎన్నున్నాయన్నదే లెక్క.

అంతకన్నా వెనక్కి, 1977కు వెళ్తే పద్ధతే వేరు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో జనతా పార్టీకి దక్కింది నంద్యాల ఒక్కటే, గెలిచింది నీలం సంజీవరెడ్డి. ఒకవైపు కాంగ్రెస్ ఆవూదూడ, మరోవైపు జనతా తరఫున చక్రంలో నాగలి భుజానేసుకున్న రైతు. ఇలాంటి గుర్తుల్లో ఉండేవి గీతలే, నీడలు ఉండవు. గోడకు సున్నం కొట్టి కుంచెతో గీసినా, కరపత్రం మూలన గోరంత వేసినా గుర్తు పట్టొచ్చు. గీతబొమ్మకూ ఫొటోకూ ఉన్న ఈ తేడానే కంప్యూటర్లకూ సంక్రమించింది. ఒక జాతి ఫైళ్లు గీత ఎక్కడ మొదలై ఎటు వంగిందో రాసుకుంటాయి, మరో జాతివి ఒక్కో చుక్క రంగునూ రాసుకుంటాయి. ఫైళ్ల విషయంలో జరిగే తప్పుల్లో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్లే.

చుక్కల జాతి ఫైళ్ల సంగతి చూద్దాం. 1985లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెచ్చిన ఆల్డస్ కంపెనీయే మరుసటి ఏడు టిఫ్ అనే ఫైలు రకాన్ని తెచ్చింది. స్కానర్ చూసింది చూసినట్టు దాచడం దాని పని. 1987లో వచ్చిన జిఫ్ టెలిఫోన్ తీగల మీద పాకాల్సిన బొమ్మ కోసం పుట్టింది. అందుకే 256 రంగులతో సరిపెట్టుకుంది. జిఫ్‌లోని కుదింపు పద్ధతి మీద పేటెంటు గొడవ లేచాక, దానికి బదులుగా 1996లో పీఎన్‌జీ వచ్చింది. పీవీ నంద్యాలలోనూ ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి, నంద్యాలను వదులుకున్న ఏడాది కూడా అదే.

జేపెగ్‌కు గుండెకాయ లాంటి లెక్క మాత్రం 1974 నాటిది. రాసిన ముగ్గురిలో బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ ఒకరు, నటరాజన్ మరొకరు. మూడో ఆయన పేరు కామిశెట్టి రామమోహనరావు. టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి 2021లో కన్నుమూసిన కే.ఆర్. రావు ఈయనే. ఈ ఆలోచనతో నసీర్ అహ్మద్ 1972లో నిధులడిగితే అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. మరీ సులువుగా ఉందన్నారట! ఆ సులువైన లెక్క ఇవాళ ఊరూరా ప్రతి ఫోన్లోనూ నడుస్తోంది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఈ ముగ్గురి పేర్లు వెతుక్కోవాలి.

బొమ్మను ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో కంటికి ఆనని సూక్ష్మమైన మార్పులను వదిలేయడం జేపెగ్ కిటుకు. ఫోన్ తెర మీద ఆ కోత తెలియదు. ఫ్లెక్సీ మీద తెలుస్తుంది. మామూలుగా వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లుంటుంది. దాన్ని పది అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే ఒక్కో పిక్సెల్ 2 మిల్లీమీటర్లకు దగ్గరవుతుంది. రోడ్డుకవతల ముప్పై అడుగుల దూరంలో నిలబడ్డవాడి కంటికి 2 మిల్లీమీటర్లు ఆనవు. జేపెగ్ గడి మాత్రం అర అంగుళం దాటుతుంది. అది అక్కణ్నుంచీ కనిపిస్తుంది. నాయకుడి బుగ్గ మీద గళ్ల లుంగీ పరిచినట్టుండే మచ్చలు అవే. పది గ్రూపులు తిరిగొచ్చిన ఫొటోనో, స్క్రీన్‌షాటో అయితే చెప్పక్కర్లేదు. దుకాణంలో కుర్రాడు ‘ఒరిజినల్ లేదాన్నా? డాక్యుమెంట్‌గా పెట్టి పంపన్నా’ అనేది అందుకే. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే కోత పడదు.

టిఫ్‌లోనే ఇవ్వాలని పట్టుబట్టడం మాత్రం నాకు అతిగానే తోస్తుంది. పదడుగులకు ఎనిమిదడుగుల ఫ్లెక్సీని 72 డీపీఐలో నాలుగు సిరాల లెక్కన కుదించకుండా దాస్తే సుమారు 240 ఎంబీ. కెమెరా నుంచి నేరుగా వచ్చిన మంచి జేపెగ్ అందులో పదో వంతుతో అదే పని చేస్తుంది. అయితే దిద్దిన ప్రతిసారీ జేపెగ్‌గా సేవ్ చేస్తూ పోతే కోత మీద కోత పడుతుంది. పని నడిచినంతసేపూ టిఫో, ఫొటోషాప్ ఫైలైన పీఎస్‌డీయో ఉంచుకోవాలి.

అక్షరాల సంగతి ఇంకో ఎత్తు. మన తలకట్టు, గుడి, వత్తుల చుట్టూ జేపెగ్ దోమలు ముసిరినట్టు మసక పోస్తుంది. ‘శ్రీ’ మీది గుడిదీర్ఘం చూడండి, పార్టీ లోగో అంచు చూడండి. తెర మీదికైతే పీఎన్‌జీ, అచ్చుకైతే పీడీఎఫో, గీతల జాతికి చెందిన కోరెల్ ఫైలో ఉండాలి. ఆ కోరెల్ ఫైలైనా, అందులో వాడిన ‘అను’ తెలుగు ఫాంటు అవతలి కంప్యూటర్‌లో లేకపోతే ‘శుభాకాంక్షలు’ కాస్తా ఇంగ్లిషు గుర్తుల గుట్టవుతుంది. ‘కర్వ్స్ చేసి పంపండి’ అనే మాటకు అర్థం, అక్షరాలను గీతలుగా మార్చి పంపమని.

2017 ఆగస్టు 23న జరిగిన నంద్యాల అసెంబ్లీ ఉప ఎన్నిక నాటికి ప్రచారమంతా ఫ్లెక్సీలదే, పసుపు ఒకవైపు, నీలం మరోవైపు. ఇందులో పసుపు జాతకం మంచిది. అచ్చుకు వాడే నాలుగు సిరాల్లో అదొకటి. నీలం అలా కాదు. ఫోన్ తెర వెలుగులో మెరిసే నీలాన్ని సియాన్, మెజెంటా కలిపి తేవాలి. మెజెంటా కాస్త ఎక్కువైతే వంకాయరంగుకు తిరుగుతుంది. ఆ ఎన్నికలోనే ఓటేశాక, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ యంత్రం గాజు వెనక ఏడు సెకన్లపాటు చీటీ కనిపించింది. అందులోని గుర్తు బిట్‌మ్యాప్, అంటే నలుపూ తెలుపూ చుక్కలు, అంతే. థర్మల్ కాగితానికి అంతకన్నా అక్కర్లేదు. 1977 గోడ మీది గీతబొమ్మ తర్కమే ఇదీ.

ఫొటోతో పని ఫ్లెక్సీలకే కాదు, విగ్రహాలకూ ఉంది. నంద్యాల నుంచి కడప రోడ్డు పట్టుకుంటే ఆళ్లగడ్డ వస్తుంది. రాతి విగ్రహాలకు పేరున్న ఊరు. దేవుడి విగ్రహానికి శాస్త్రం కొలతలు చెబుతుంది. మనిషి విగ్రహానికి మాత్రం ఫొటోయే ఆధారం. శిల్పికి రంగుతో పనిలేదు, నీడలతోనే పని. కంటికింది గుంట, దవడ మలుపు, పెదవి అంచు తెలిసేది ఆ నీడల్లోనే. జేపెగ్‌ను గట్టిగా కుదిస్తే ముందు చదునయ్యేవీ అవే. పాత స్టూడియో ఫొటో ఉంటే దాన్ని ఫోన్‌తో తీసి పంపేకంటే 600 డీపీఐలో స్కాన్ చేసి టిఫ్‌గా ఇవ్వడం ఎంతో మేలు. ఇక్కడ మాత్రం ఎంబీలకు వెనకాడకూడదు. ముఖానికి ఎదురుగా తీసిన ఫొటో ఒక్కటే ఇస్తే, అదెంత గొప్ప ఫైలైనా ముక్కు ఎత్తెంతో చెప్పదు. పక్క నుంచి తీసిందీ ఒకటుండాలి. చాలా ఇళ్లలో పెద్దాయన పోయాక దొరికేది ఆధార్ జిరాక్సు. శిల్పులు దాంతోనే కూర్చుని, కొడుకు ముక్కునూ తమ్ముడి దవడనూ చూసి మట్టితో ముందొక నమూనా చేసి, దాని ఫొటోను ఇంటివాళ్లకు పంపుతారు. దానికి వాట్సాప్ జేపెగ్ చాలు.