చందుర్తి యుద్ధానికి ఎన్ని జెమ్స్?

మొన్న సంక్రాంతికి ఉప్పాడ వెళ్ళినప్పుడు మా చిన్నాన్న కొడుకు అరుగు మీద కూర్చుని ఫోన్లోకి తదేకంగా చూస్తున్నాడు. ఏంట్రా అంటే "కోట కడుతున్నానన్నయ్యా" అన్నాడు. తొంగి చూస్తే వాడేమీ కట్టడం లేదు. తెర మీద ఒక బురుజు, దాని పక్కన ఒక గడియారం. ఇంకా తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు.

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"ఏం చేస్తాను, ఆగాలి. లేకపోతే జెమ్స్ కొనాలి."

ఆ ముక్క చెప్పి సైన్యాధ్యక్షులవారు ఫోను పక్కన పడేసి గారెలు తినడానికి లోపలికెళ్ళిపోయారు.

నవ్వొచ్చింది గానీ, నా కథా అదేనండీ. 2014లో బీటెక్ మొదటి సంవత్సరంలో నేనూ ఇలాంటి ఒక కోటల ఆటలో పడ్డాను. పేరెందుకులెండి. హాస్టల్లో అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి గోడలకి పైమెట్టు కట్టుకున్న రోజులున్నాయి. ఇంట్లో వాళ్ళు పుస్తకాలకని పంపిన డబ్బుల్లో కొంత జెమ్స్ కింద కరిగిపోయింది. ఏడాది తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే, అన్ని నెలల్లో నేను బుర్ర పెట్టి తీసుకున్న నిర్ణయం ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తున్నవల్లా గడియారాలే.

ఆ 2014వ సంవత్సరం చేతిలో పట్టుకుని ఆడే వ్యూహాల ఆటలకి మా చెడ్డ సంవత్సరం. 1997లో పీసీ మీద వచ్చిన డంజన్ కీపర్ అనే మంచి ఆటని ఈఏ కంపెనీ ఫోన్లకి దించింది ఆ ఏడాదే. పాత ఆటలో రాయి తవ్వమంటే పనివాళ్ళు వెళ్ళి తవ్వేవాళ్ళు. ఫోన్లో కొన్ని రాళ్ళకి నాలుగు గంటలు, కొన్నిటికి ఇరవై నాలుగు గంటలు! విమర్శకులు ఉతికి ఆరేశారు. యూరోగేమర్ పదికి ఒకటి వేసింది. పాత ఆట తయారుచేసిన పీటర్ మాలినూ కూడా ఇదేం ఆటయ్యా అన్నట్టే మాట్లాడాడు. పైగా ఆండ్రాయిడ్లో ఐదు నక్షత్రాలు ఇస్తానంటే దుకాణానికి పంపేది, అంతకన్నా తక్కువంటే "మాకు ఉత్తరం రాయండి" అని పక్కకి తిప్పేది. చివరికి బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ, దీన్ని 'ఉచితం' అని ప్రచారం చేయడం జనాన్ని తప్పుదోవ పట్టించడమేనని జులైలో తేల్చింది. అదే ఏడాది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ పేరు తగిలించుకుని కాజిల్ సీజ్ వచ్చింది. అదీ ఈ గడియారాల అచ్చులో పోసిందే. 2019 మేలో దాన్ని మూసేశారు. కోటలన్నీ సర్వరుతో పాటే పోయాయి.

విమర్శకులంతా ఒకే మాట అన్నారు: వేచి ఉండడం విసుగు, ఆటలో అది ఉండకూడదు అని. చాలాకాలం నేనూ అదే అనుకున్నా. ఇప్పుడు కాదంటాను. అసలు తప్పు వేచి ఉండడంలో లేదు. ఎందుకంటారా? జవాబు మా ఊరి దగ్గర్లోనే ఉంది.

ఉప్పాడ నుంచి పిఠాపురం వెళ్ళి, అక్కణ్ణుంచి గొల్లప్రోలు వైపు వెళ్తే చందుర్తి అని ఒక ఊరు. బండి మీద గంట కూడా పట్టదు. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని 'కాండోర్' అని రాసుకున్నారు. 1758 డిసెంబరులో ఇక్కడ ఫ్రెంచివాళ్ళకీ ఇంగ్లీషువాళ్ళకీ యుద్ధం జరిగింది. బొబ్బిలికి బుర్రకథ ఉంది, 1964లో వచ్చిన సినిమా ఉంది. చందుర్తికి అలాంటి అదృష్టం పట్టలేదు. నేను బళ్ళో ఉన్నప్పుడు కర్ణాటక యుద్ధాల పాఠంలో ఒక్క వాక్యం చదివినట్టు గుర్తు. అది మా పక్క ఊరేనని ఎవరూ చెప్పలేదు.

కథ క్లుప్తంగా చెప్పేస్తాను. 1753లో నిజాం సలాబత్ జంగ్, ఫ్రెంచి సైన్యం ఖర్చుల కోసమని ఉత్తర సర్కారుల్ని బుస్సీకి అప్పగించాడు. 1757 జనవరిలో బుస్సీ, విజయనగరం పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి మీదకి వెళ్ళారు. కోట పడింది. కొద్దిరోజులకే విజయరామరాజుని తాండ్ర పాపారాయుడు చంపేశాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజుకి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. 1758లో ఫ్రెంచి గవర్నరు లాలీ, బుస్సీని దక్షిణానికి పిలిపించుకుని ఆ చోటులో కాన్‌ఫ్లాన్స్ అనే ఆయన్ని పెట్టాడు. ఇదే అదను అని ఆనందరాజు విశాఖపట్నం ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కుని, మీరొస్తే ఇస్తానని ఇంగ్లీషువాళ్ళకి కబురంపాడు. మద్రాసు వాళ్ళు తమ మీదకే లాలీ వచ్చి పడతాడన్న భయంలో ఉండి రాలేమన్నారు. బెంగాల్లో ఉన్న క్లైవు మాత్రం ఒప్పుకుని, కల్నల్ ఫోర్డ్‌ని కొంత సైన్యంతో ఓడల మీద పంపాడు. అక్టోబరులో వాళ్ళు విశాఖలో దిగారు.

చందుర్తి దగ్గరికి వచ్చేసరికి లెక్కలివీ. కాన్‌ఫ్లాన్స్ దగ్గర సుమారు 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు, ముప్పైకి పైగా ఫిరంగులు. ఫోర్డ్ దగ్గర దాదాపు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు. ఆనందరాజు మనుషులు సుమారు 5,000, కానీ చాలామంది చేతుల్లో ఉన్నవి ఈటెలూ విల్లంబులే. ఈ అంకెల్ని మా తమ్ముడి ఆటలో పోస్తే ఫలితం ఒక్క క్షణంలో వచ్చేస్తుంది. ఫ్రెంచివాళ్ళ విజయం.

జరిగింది వేరు. ఫోర్డ్ తన యూరోపియన్ల దళాన్ని మధ్యలో, సిపాయిల్ని రెండు పక్కలా నిలబెట్టాడు. మధ్య దళం ముందు ఏపుగా పెరిగిన చేను ఒకటి అడ్డొచ్చింది. ఇంగ్లీషువాళ్ళు మొక్కజొన్న అని రాశారు. మా వైపు జొన్నచేనైనా మనిషిని కప్పేసే ఎత్తు పెరుగుతుంది. ఆ చేను వెనక తెల్లవాళ్ళు కనపడలేదు. ఇక ఫోర్డ్ సిపాయిలు ఎర్రచొక్కాలు వేసుకుని ఉన్నారు. ఎర్రచొక్కా అంటే తెల్లవాడేనని ఫ్రెంచివాళ్ళ లెక్క. ఎడమ పక్కన ఉన్న ఎర్రచొక్కాల్ని చూసి, ఇంగ్లీషు యూరోపియన్ దళం ఇదేననుకుని తమ యూరోపియన్లనందరినీ దాని మీదకి పంపారు. సిపాయిలు చెదిరిపోయారు. గెలిచామనుకుని ఫ్రెంచివాళ్ళు వరసలు తప్పి వెంటపడ్డారు. అప్పుడు చేను వెనకనుంచి అసలు తెల్లదళం తిరిగి పక్కనుంచి కాల్చింది. అంతే. వాళ్ళు వెనక్కి పరిగెత్తారు, ఇంగ్లీషువాళ్ళు ఫిరంగుల దాకా తరుముకుంటూ వెళ్ళారు, విడిది కూడా చేజిక్కింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ ఆ రాత్రికే రాజమహేంద్రవరం చేరాడు. ఆనందరాజు సైన్యం చాలావరకు ఒక చెరువు పల్లంలో తలదాచుకుని చూస్తూ ఉండిపోయింది.

ఇందులో మొదటి సంగతి, తెలియకపోవడం. ఎదుటివాడు ఏంటో తెలియదు కాబట్టే ఊహించాలి, ఊహించాలి కాబట్టే తప్పుతుంది. ఫోన్ ఆటల్లో శత్రువు కోట మీదకి వెళ్ళేముందు వేలితో అటూ ఇటూ జరిపి బురుజు బురుజూ చూసుకోవచ్చు, దేనికి ఎంత బలమో నొక్కి తెలుసుకోవచ్చు. దాచినవి ఏవో ఒకటి రెండు ఉచ్చులంతే. ఇంక ఊహించాల్సింది ఏముంది?

రెండో సంగతి నాకు మరీ ఇష్టమైనది. గెలిచాక ఫోర్డ్ వెంటనే బందరు మీదకి వెళ్ళి ఉంటే ఫ్రెంచివాళ్ళకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండేది కాదు. కానీ వెళ్ళలేకపోయాడు. డబ్బు లేదు! సైన్యం అదనపు ఖర్చుల కింద నెలకి 50,000 రూపాయలు ఇస్తానని ఆనందరాజు ఒప్పుకున్నాడు. రాజమహేంద్రవరం చేతికొచ్చాక ఇవ్వలేదు. పేచీలు, బుజ్జగింపులు, కొత్త ఒప్పందం... ఇవన్నీ అయ్యేసరికి జనవరి నెలాఖరు. ఈలోగా కాన్‌ఫ్లాన్స్ బందరు చేరి కోటలో కుదురుకున్నాడు, సలాబత్ జంగ్‌కి కబుర్లు పంపాడు.

చూశారా, ఇక్కడా వేచి ఉండడమే. ఇక్కడా డబ్బే. కానీ ఈ నిరీక్షణ ఖాళీగా లేదు. ఆగిన ప్రతిరోజూ ఎదుటివాడికి లాభం, మనవాడితో మనకి తగువు. ఆగాలా, అప్పు చేసి వెళ్ళాలా, రాజుని బెదిరించాలా, బతిమాలాలా? ఒక్కోదానికి ఒక్కో నష్టం. వ్యూహం అంటే అదే కదా! ఫోన్ ఆటలో తొమ్మిది గంటలు ఆగితే ఆలోచించాల్సింది ఏమీ లేదు, ఎందుకంటే ఆ ఆగడం అమ్మకానికి పెట్టిన సరుకు. ఇందాక అసలు తప్పు వేచి ఉండడంలో లేదన్నది అందుకే. ఆటలోంచి నిర్ణయాన్ని తీసేసి, మిగిలిన ఖాళీకి ధర కట్టారు.

బందరు ముట్టడి కూడా అంతే. 1759 మార్చిలో ఫోర్డ్ కోట ముందుకొచ్చేసరికి జీతాలు అందక సొంత సైన్యమే తిరగబడింది. ఒకపక్క సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో వస్తున్నాడు. ఏప్రిల్ 7న చూసుకుంటే మందుగుండు రెండురోజులకే సరిపోతుందన్నారు. ఆ రాత్రే, ఆటుకి కందకంలో నీళ్ళు తగ్గే వేళ చూసుకుని కోట మీద పడ్డాడు. తెల్లారేసరికి కోట దక్కింది. పట్టుకున్నవాళ్ళకంటే పట్టుబడినవాళ్ళే ఎక్కువ. సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి కాబట్టి నాకు ఆ ఆటు లెక్క దగ్గర కాసేపు మనసు ఆగింది. మా ఊళ్ళో పడవవాళ్ళు రోజూ వేసే లెక్కే అది.

మేలో సలాబత్ జంగ్ బందరు, నిజాంపట్నం ప్రాంతాలు ఇంగ్లీషువాళ్ళకి రాసిచ్చాడు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం... గుంటూరు సర్కారు తప్ప మిగతా సర్కారులన్నీ కంపెనీ చేతికి వెళ్ళాయి. మా తీరం మీద తెల్లవాళ్ళ పాలన మొదలైన వరసలో మొదటి మెట్టు ఆ చేను పక్కనే పడింది.

ఇప్పుడు చెప్పండి, ఈ మొత్తం కథలో అందరికన్నా చిక్కైన ఆట ఎవరిది? నా దృష్టిలో ఆనందరాజుది. ఫ్రెంచివాళ్ళని తరిమేందుకు ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు. గెలిచిన నేల తనకి, సముద్రపు రేవులు కంపెనీకి అని ఒప్పందం రాసుకున్నాడు. ఆరోజుకి అది బేరమే అనిపించి ఉంటుంది. డబ్బు బిగబట్టడం పిరికితనమో పిసినారితనమో అని ఇంగ్లీషువాళ్ళు రాశారు. అరువు తెచ్చుకున్న సైన్యం మరీ తొందరగా గెలిచేస్తే తన గతేంటని ఆయన అనుకుని ఉండకూడదా? ఆ కాలం మీద ఎంపైర్ టోటల్ వార్ అనే పెద్ద ఆట ఉంది. పీసీ మీద 2009లో వచ్చింది, 2024లో ఫోన్లకీ దించారు. పాడు ఆటేమీ కాదు. అందులో మన దేశం ఉంది, మరాఠాలుగా ఆడొచ్చు. కానీ ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య నలిగే జమీందారుగా ఆడనివ్వదు. ఇక ఆ చేను రైతు సంగతి చరిత్రే రాయలేదు, ఆటని ఏమనుకుంటాం. ఏపుగా ఎదిగిన పంటలో రెండు సైన్యాలు దిగాయి. గింజ ఇంటికి చేరిందో లేదో.

చిన్న తెర మీద ఇవన్నీ కుదరవు అంటారా? ఒప్పుకోను. 2006లో నింటెండో డీఎస్ మీద వచ్చిన ఏజ్ ఆఫ్ కింగ్స్ అరచేతిలో పట్టేదే. గడియారం లేకుండా, వంతులవారీగా, శుభ్రంగా ఆలోచింపజేసేది. అంతెందుకు, మా తాతయ్య సుద్దముక్కతో అరుగు మీద గీసే పులిజూదం ఉంది కదా. మూడు పులులు, పదిహేను మేకలు. రాళ్ళూ చింతపిక్కలూ జేబులో పట్టేస్తాయి. రెండు పక్షాల బలం వేరు, పద్ధతి వేరు, గెలుపు అర్థమే వేరు. మేకకి తొందరపడితే చావే. ఆగడం ఎలాగో నేను నేర్చుకున్నది ఆ అరుగు మీదే.

అందుకని ఈ సంక్రాంతికి ఒక పిచ్చిపని చేశాను. మా పెదనాన్న జాందానీ చీరల డిజైన్లు వేసే గళ్ళకాగితం ఒకటి అడిగి తీసుకుని దాని మీద చందుర్తి గీశాను. ఎర్రరంగు పూసిన అట్టముక్కలు, అడుగున 'తెల్ల' అనో 'సిపాయి' అనో రాసి బోర్లా పెట్టాను. రాజుగారి సైన్యం కదలాలంటే నాలుగు గవ్వల్లో మూడు వెల్లకిలా పడాలి. డబ్బుకి చింతపిక్కలు. తమ్ముణ్ణి కాన్‌ఫ్లాన్స్ చేశాను. మొదటిసారి చక్కగా ఎర్రచొక్కాల వెంటపడి ఓడిపోయాడు. రెండోసారి పడలేదు, నేనే ఓడాను. మోసం ఒక్కసారే పారుతుంది మరి. మూడోసారి "నేను రాజుగారౌతానన్నయ్యా" అన్నాడు. అయ్యాడు, చింతపిక్కలన్నీ గుప్పిట్లో పెట్టుకు కూర్చున్నాడు. ఇవ్వరా అంటే, "ఇచ్చేస్తే నువ్వు బందరెళ్ళిపోతావు. గెలిచాక నాతో నీకేం పని?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంకో చిక్కు కూడా వచ్చి పడింది. ఫోర్డ్ ఎప్పుడు గెలిచినట్టో రాశాను, కాన్‌ఫ్లాన్స్ ఎప్పుడు గెలిచినట్టో రాశాను. రాజుగారు ఎప్పుడు గెలిచినట్టు? ఆ గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. మీకేమైనా తోస్తే చెప్పండి, ఉగాదికి మళ్ళీ ఉప్పాడ వెళ్తున్నాను.