శక్తిని తిరిగి ఇచ్చు బ్రేకు

పాఠశాల ప్రయోగశాలలో చేతితో త్రిప్పు చిన్న డైనమో ఉన్నచో ఒక సులభమైన ప్రయోగము చేయవచ్చును. దాని తీగెలను దేనికీ తగిలించక పిడిని త్రిప్పినచో అది తేలికగా తిరుగును. తీగెల చివర ఒక దీపమును తగిలించి త్రిప్పినచో పిడి బరువెక్కును. దీపమును తీసివేసిన వెంటనే ఆ బరువు మాయమగును. డైనమో పుట్టించిన విద్యుత్తును పుచ్చుకొను సాధనము ఒకటి ఉన్నప్పుడే అది చేతికి ఎదురు నిలుచును. పుచ్చుకొనునది లేనిచో ఎదురును లేదు.

విద్యుత్తుతో నడచు బండ్ల బ్రేకుల చరిత్ర అంతయు ఈ చిన్న ప్రయోగము చుట్టును తిరిగినది. నేడు విద్యుత్ కారు నడుపు వ్యక్తి, "నిన్నటి వరకు పెడలు వదలిన వెంటనే నెమ్మదించిన కారు ఈ ఉదయము జారిపోవుచున్నదేమి?" అని కలవరపడినప్పుడు, దానికి సమాధానము కూడ ఇందులోనే దొరకును.

మోటారే డైనమో

1500 కిలోగ్రాముల బరువుగల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 20 మీటర్ల చొప్పున పోవుచున్నది అనుకొందము. దాని గతిశక్తి 3 లక్షల జౌళ్లు. మామూలు బ్రేకు ఈ శక్తినంతటిని రాపిడిచే వేడిగా మార్చి గాలిలో కలిపివేయును. ఇంత శక్తి వృథా కావలసినదేనా?

1831లో ఫారడే విద్యుత్ ప్రేరణను కనుగొన్నాడు. ప్రేరిత విద్యుత్తు తనను పుట్టించిన చలనమును ఎదిరించునని 1834లో లెంజ్ నిరూపించినాడు. ఈ రెండును కలిపి చూచినచో ఉపాయము తోచును. విద్యుత్తును తీసికొని చక్రమును త్రిప్పు మోటారును, చక్రమే త్రిప్పునట్లు చేసినచో అది డైనమో అగును. అప్పుడది చక్రమును ఎదిరించి బండిని నెమ్మదింపజేయును. విద్యుత్తును కూడ ఇచ్చును. ఇదియే రీజెనరేటివ్ బ్రేకు.

1886లో అమెరికాలో ఫ్రాంక్ స్ప్రేగ్ తన మోటారు విద్యుత్తును తిరిగి సరఫరా తీగెలకు పంపునట్లు ఏర్పాటు చేసినాడు. 1890 తరువాతి దశకములో పారిస్ నగరమున లూయీ క్రీగర్ గుర్రపు బండ్లను విద్యుత్ బండ్లుగా మార్చి, ముందు చక్రములకు మోటార్లు అమర్చి, ఈ బ్రేకును కూడ కల్పించినాడు. విద్యుత్ కారు ఎంత పాతదో, ఈ బ్రేకు కూడ ఇంచుమించు అంత పాతదే.

ట్రాముల అనుభవము

ఇరువదవ శతాబ్ది ఆరంభములో ఇంగ్లండులో రావర్త్ అను ఇంజనీరు పద్ధతి ట్రాము కార్లలో ప్రవేశించినది. 1903లో డెవన్‌పోర్టులోను, తరువాత రాటెన్‌స్టాల్, బర్మింగ్‌హామ్ మొదలగు చోట్లను దీనిని వాడినారు. పల్లమునకు దిగు ట్రాము పుట్టించిన విద్యుత్తుతో మిట్ట ఎక్కు ట్రాము నడచును. ఆలోచన చక్కనిదే. కాని ఆ సమయమున మిట్ట ఎక్కు ట్రాము లేనిచో? పుచ్చుకొనునది లేక తీగెలలో వోల్టేజి పెరిగిపోవును. పైతీగెనుండి ట్రాము కొక్కెము తప్పిపోయినచో వలయము తెగి, ఆ బ్రేకు తత్‌క్షణమే లేకుండపోవును. దీపము తీసివేసిన డైనమో స్థితి అదే.

అందుచేతనే ఆ ట్రాములకు చక్రములను పట్టు బ్రేకును, పట్టాలను ఒత్తు బ్రేకును వేరుగా ఉంచినారు. అయినను 1911లో రాటెన్‌స్టాల్‌లో ఘోర ప్రమాదము జరిగిన పిదప ఇంగ్లండులో ఈ పద్ధతిని నిషేధించినారు. మరల అది ట్రాములలో కనిపించుటకు ఇరువది ఏండ్లు పట్టినది.

కొండదారి రైళ్లు

రైలు ఇంజనీర్లు ఇదే సమస్యను మరొక దారిలో ఎదుర్కొన్నారు. ఇటలీలో వాల్‌టెల్లీనా మార్గమునకు హంగరీ ఇంజనీరు కాల్మాన్ కాండో మూడు ఫేజుల విద్యుత్తుతో నడచు రైళ్లను రూపొందించగా, అవి 1902లో నడచినవి. ఈ మోటార్లకొక విశేషము కలదు: పల్లములో రైలు వేగము వాని సహజ వేగమును కొంచెము మించగానే అవి వేరే మీట అవసరము లేకనే డైనమోలుగా మారును.

1915-16లో అమెరికాలోని మిల్వాకీ రైల్వే మాంటానా కొండలలో 3000 వోల్టుల మార్గము నిర్మించినది. అచ్చటి ఉపకేంద్రములలో విద్యుత్తును మార్చుటకు మోటారు-జనరేటరు జతలు ఉండెడివి. అవి ఇరువైపుల పనిచేయగలవు. కొండ దిగు రైలు ఇచ్చిన విద్యుత్తు, ఎక్కు రైలు లేనప్పుడు, ఈ యంత్రముల ద్వారా సరఫరా కంపెనీ తీగెలలోనికి మరలెడిది. పుచ్చుకొనుటకు పెద్ద చేయి దొరికినది, బ్రేకు నమ్మదగినదైనది.

మన దేశములో 1928 నుండి బొంబాయి ఘాటు మార్గములకు వచ్చిన గూడ్సు ఇంజనులలో కూడ ఈ బ్రేకు ఉండెడిది. భోర్ ఘాటులో 37 అడుగుల దూరమునకు ఒక అడుగు చొప్పున పల్లము. అట్టి దారిలో రాపిడి బ్రేకులనే పట్టి ఉంచినచో అవి కాగిపోయి పట్టు సడలును. విద్యుత్ బ్రేకు ఆ భారమును పంచుకొన్నది.

కారులో పుచ్చుకొనునది

ట్రామునకు తోటి ట్రాము కలదు. రైలునకు తీగె కలదు. కారునకు బ్యాటరీ తప్ప వేరు దిక్కు లేదు. 1967లో అమెరికన్ మోటార్స్ నిర్మించిన ఆమిట్రాన్ అను ప్రయోగపు కారులో లిథియం బ్యాటరీలకు తోడుగా, త్వరగా ఇచ్చిపుచ్చుకొనగల నికెల్-కాడ్మియం బ్యాటరీలను ఉంచినారు. 1997లో జపానులో వెలువడిన టొయోటా ప్రియస్ కారు ఈ బ్రేకును సామాన్య వాహనదారుల చేతికి అందించినది.

పైన చెప్పిన 1500 కిలోగ్రాముల కారు 10 సెకనులలో సమముగా ఆగవలెననిన, మొదటి క్షణమున 60 కిలోవాట్ల శక్తి వెలువడును. బ్యాటరీ అంత శక్తిని పుచ్చుకొనలేని సందర్భములు కొన్ని కలవు. నిండు బ్యాటరీలో మరి చోటు లేదు. అనేక రకముల లిథియం ఘటములలో వోల్టేజి 4.2ను దాటరాదు. కొండమీద రాత్రియంతయు చార్జి చేసి ఉదయమే దిగు కారులో ఈ బ్రేకు బలహీనముగా ఉండుటకు కారణమిదే. చలిలో లిథియం అయానులు గ్రాఫైటులోనికి త్వరగా చొరలేక, లోహముగా పైన పేరుకొని ఘటమును పాడుచేయును. కనుక నియంత్రణ యంత్రము బ్రేకు విద్యుత్తును తానే తగ్గించును. పాతబడిన బ్యాటరీలో అంతర్నిరోధము పెరిగి, వోల్టేజి తన హద్దును త్వరగా చేరును. వేగము బాగుగా తగ్గినప్పుడు మోటారు పుట్టించు వోల్టేజియే తక్కువ గనుక, చివరి కొద్ది దూరమును రాపిడి బ్రేకే ఆపవలెను.

లోపమును వెదకు క్రమము కూడ దీనినిబట్టియే ఏర్పడును. ముందు బ్యాటరీ ఎంత నిండినదో, ఎంత చల్లగా ఉన్నదో చూడవలెను. కొంతదూరము నడచిన పిదప బలము తిరిగి వచ్చినచో అది లోపము కాదు, రక్షణ. తరువాత బ్రేకు బలమును ఎన్నుకొను మీటను ఎవరైన మార్చినారేమో చూడవలెను. సగము నిండి, వెచ్చగా ఉన్న బ్యాటరీతో కూడ బలహీనత పోనిచో, అప్పుడు ఉష్ణోగ్రతను కొలుచు సాధనమును, ఘటములను, మోటారు నియంత్రణ యంత్రమును పరీక్షింపవలెను. వరుసగా కలిపిన ఘటములలో ఒకటి చెడినను అదే ముందుగా హద్దును చేరి, మిగిలిన వానిని కూడ ఆపివేయును.

రాపిడి బ్రేకును మాత్రము మరువరాదు. వాడుక తగ్గిన కొలది దాని పళ్లెములు త్రుప్పుపట్టును. విద్యుత్ బ్రేకు తప్పుకొన్న క్షణమున ప్రాణములను కాపాడునది అదియే గనుక, దానిని అప్పుడప్పుడు గట్టిగా వాడి, పరీక్ష చేయించుచుండవలెను. నూరేండ్లకు పూర్వము ట్రాములకు రెండు విధముల బ్రేకులు ఉంచిన కారణము నేటి కారునకును వర్తించును.